పాప చిగుళ్ళకు పూసిన మందు

పోయిన వారం మా బడి గేటు దగ్గర ఒక తల్లి నన్ను ఆపింది. ఆమె చంకలో చంటిబిడ్డ ఉంది. బిడ్డ పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుని నములుతోంది, చొంగ కారి గౌను ముందంతా తడిసిపోయింది.

"టీచరమ్మా, మీ పాపకు పండ్లొచ్చేటప్పుడు చిగుర్లకు ఏం పూసినారు? ఒగటే ఏడుస్తాంది" అని అడిగింది.

ఆమె మామూలుగానే అడిగింది. నేనే మామూలుగా వినలేకపోయాను. "ఏమీ పూయొద్దు!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆమె బెదిరి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంతలో గంట కొట్టారు, నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు పాఠం చెబుతున్నంతసేపూ ఆమె ముఖమే గుర్తొచ్చింది. గేటు దగ్గర నిలబడి చెప్పడానికి అది చిన్న సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేం జమ్మలమడుగులో ఉంటాం. మాది పరుపులు కుట్టే సాయిబుల ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా మామ చనిపోయాక ఆ పని ఆగిపోయింది. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నా భర్త బాషా కువైట్‌లో డ్రైవరు. ఆయన విమానం ఎక్కేనాటికి నాకు ఐదో నెల. అంటే మా పాప సమీరాను ఆయన ఫోనులో చూడడమే గానీ ఎత్తుకున్నది లేదు. ఇంట్లో ఉండేది నేను, పాప, మా అత్త ఖాసింబీ.

ఫిబ్రవరి

నిరుడు ఫిబ్రవరిలో పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. మొదట చొంగ మొదలైంది. తర్వాత దొరికినదల్లా నోట్లో పెట్టుకోసాగింది. నా చున్నీ అంచు, మంచం పట్టె, చివరికి మా అత్త మోచేయి. కింది చిగురు ఉబ్బి ఎర్రగా మెరిసేది. పాలకు వచ్చి రెండు గుక్కలు లాగి, నొప్పి పుట్టగానే తల వెనక్కి విరుచుకుని ఏడ్చేది. ఒళ్ళు కాస్త వెచ్చబడేది. మళ్ళీ తగ్గేది.

వీధిలో ఎవరిని అడిగినా ఒకటే మాట. ఏడిస్తే పండ్లు. తినకపోతే పండ్లు. ఒళ్ళు కాలితే పండ్లు. నీళ్ళలాగా పోతే పండ్లు. ఎదురింటి రమణమ్మ తలుపు దగ్గర నిలబడి, "నా పిల్లోల్లు ముగ్గురూ పండ్లొచ్చేటప్పుడు సగమైపోయినారు మే. అది అయ్యేదే. ఊరికే డాక్టర్లకు దుడ్లు పోయొద్దు" అనేది. ఆ మాట అప్పట్లో నాకు ధైర్యంగానే ఉండేది. అందరి పిల్లలూ దాటిన గడపే కదా అనిపించేది.

మేం చేసిందీ పెద్దగా ఏమీ లేదు. మెత్తటి బట్టను ఉడకబెట్టి, ఆరబెట్టి, తడిపి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. చల్లబడ్డాక నోటికి అందిస్తే పాప దాన్ని కసిగా కొరికేది. చేతులు కడుక్కుని వేలితో చిగురు మీద మెల్లగా ఒత్తితే కళ్ళు అరమూసుకుని ఊరుకునేది. నేను బడికి బయల్దేరేసరికి మళ్ళీ మొదలు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు నా వెనకాలే వచ్చేది.

పగలంతా పాపను చూసుకున్నది మా అత్తే. ఆమెకు ఏళ్ళ తరబడి పరుపుల మీద వంగి కుట్టి కుట్టి నడుము పోయింది. అయినా పాపను చంకనేసుకుని వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉండేది. కూర్చుంటే పాప ఏడుస్తుంది, నడిస్తే ఆమె నడుము ఏడుస్తుంది. ఆమె నడవడమే ఎంచుకుంది.

ఆ నెలలోనే ఆమె ప్రొద్దుటూరు పోయి కట్టుడు పండ్లు పెట్టించుకుంది. కొత్తవి ఒరుసుకుని చిగుళ్ళు పుండ్లు పడ్డాయి. పండ్ల డాక్టరు ఒక ట్యూబు రాసిచ్చాడు. పుండు మీద కాస్త పూసుకుంటే మొద్దుబారి నొప్పి తెలియకుండా పోయేది. "సూదితో పొడిచినా తెల్దు షాహీనా, అదేం మందో ఏమో!" అని నాతో ఆశ్చర్యంగా చెప్పింది. ఆ ట్యూబును రొండిన దోపుకుని తిరిగేది.

మార్చి వచ్చేసరికి పాప కొంచెం నెమ్మదించింది. నేను ఇంటికి వచ్చేసరికి నిద్రలో ఉండేది, లేదా తన జేజి ఖాసింబీ ఒళ్ళో కూర్చుని రబ్బరు బొమ్మను నములుతూ ఉండేది. నొప్పి దశ దాటిపోయిందనుకున్నాం. బాషా ఫోను చేస్తే పాప తెరను నాకబోయింది. ఆయన ఎంత నవ్వాడో.

మార్చి, రంజాన్ మూడో వారం

అప్పటికి ఒంటిపూట బడులు పెట్టారు. ఆ రోజు ఎండలో నడిచి ఇంటికి వచ్చాను. వాకిలి తెరిచే ఉంది. మా అత్త పాపను ఒళ్ళో వేసుకుని అరికాళ్ళు రుద్దుతోంది.

"షాహీనా, పిల్ల రంగు చూడుమే. ఎందుకట్లుంది? ఇందాక బాగనే ఉన్నింది" అంది.

పాప పెదవులు నేరేడుపండ్లు తిన్న నోరులాగా ఉన్నాయి. గోళ్ళూ అదే రంగు. ముఖమంతా బూడిద పూసినట్టు ఉంది. ఏడవడం లేదు. రొమ్ము ఎగిసెగిసి పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళు నన్ను వెతకలేదు. ఎనిమిది నెలలుగా నేను గడపలో అడుగు పెడితే చాలు ఆ కళ్ళు నా మీదికి దూకేవి. పేరు పెట్టి పిలిచాను. బుగ్గ మీద తట్టాను. ఏమీ లేదు.

పాపను లాక్కుని వీధిలోకి పరుగెత్తాను. కాళ్ళకు చెప్పులు లేవని ఆటోలో కూర్చున్నాక తెలిసింది. మా అత్త పరుగెత్తుకొచ్చి ఎక్కింది. ఆమె ఆ రోజు ఒక్కపొద్దులో ఉంది. నోరు ఎండిపోయి, పెదవులు కదులుతూ దువా చదువుకుంటోంది.

ఊళ్ళో డాక్టరు పెద్దాయన. పాపను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఆక్సిజన్ పెట్టించాడు. గుండె మీద గొట్టం పెట్టి శానాసేపు విన్నాడు. ముసుగు కింద పాప పెదవులు ఎర్రబడతాయని నేను చూస్తూ నిలబడ్డాను. ఎర్రబడలేదు.

"పుట్టినప్పుడు గుండెలో రంధ్రముందని ఎవరన్నా చెప్పినారా?" అని అడిగాడు.

"లేదు సార్. బాగుందన్నారు."

"ఆక్సిజన్ పెట్టినా రంగు మారడం ల్యా. ఈడ పెట్టుకుంటే ఆలస్యమైతాది తల్లీ. ప్రొద్దుటూరుకు పోండి. నేను ఫోన్ చేసి చెప్తా."

ఆయనే అంబులెన్సు పిలిపించాడు. ఎక్కిస్తుండగా ఆయన దగ్గర పనిచేసే నర్సు నా కాళ్ళు చూసి, తన చెప్పులు విడిచి నా ముందు పెట్టింది. అవి ఒక సైజు పెద్దవి. వాటితోనే ప్రొద్దుటూరులో ఆ సాయంత్రమంతా తిరిగాను.

అదే సాయంత్రం, ప్రొద్దుటూరు

పిల్లల ఆసుపత్రి హాలు నిండా జనం. ఇనుప కుర్చీలు, గోడకు శబ్దం లేని టీవీ, అందులో పరుగులు తీస్తున్న బొమ్మలు. పాపను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

కాసేపటికి ఒకరొచ్చి ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. ఇంకాసేపటికి గుండె స్కానింగ్ చేశామనీ, గుండె బాగుందనీ చెప్పారు. అలా బాగున్నాయన్న ప్రతిసారీ నా భయం పెరిగింది. అన్నీ బాగుంటే నా బిడ్డ ఎందుకు నల్లబడుతోంది? ఏదో ఒకటి చెడిపోయిందని చెబితే బాగుండునని కోరుకున్న తల్లిని నేను.

పక్క కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు లక్ష్మీదేవి, ముద్దనూరు దగ్గర పల్లె. నాకంటే చిన్నది. ఆమె భర్త బొగ్గు కాల్చే కరెంటు ఫ్యాక్టరీలో కూలి పనికి పోతాడు. పని నుంచి పిలిపించినట్టున్నారు, చొక్కా మీద బూడిద అలాగే ఉంది. వాళ్ళ బాబు కూడా లోపలే ఉన్నాడు.

"మీ పాపకేమైందక్కా?" అని అడిగింది.

"తెలియదు. నీ బిడ్డకు?"

"భేదులు. వారం నుంచి అయితాండాయి. పండ్లొస్తాండాయిలే, అట్లనే పోతాయి అన్నారు మా అమ్మోల్లు. నీళ్ళు తాపితే ఇంకా ఎక్కువైతాయని తాపనీల్యా. పొద్దున లేపితే లేయల్యా." మాట ముగించి నా ముఖంలోకి చూసింది, నేనేదో చెప్తానన్నట్టు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి నా చెయ్యికంటే చల్లగా ఉంది.

బాషాకు ఫోను చేశాను. వీడియో వద్దంటే వినలేదు. లోపలికి ఒక్క నిమిషం పోనిస్తే పాపను చూపించాను. ఆయన అప్పుడు ఎక్కడో రోడ్డు పక్కన బండి ఆపుకుని ఉన్నాడు. పాపను చూసి ముఖం తెరకు దగ్గరగా పెట్టాడు. తర్వాత, "అట్లెందుకుంది? ఫోన్ లైటా అది? షాహీనా, ఫోన్ లైటే కదా?" అన్నాడు. కాదని చెప్పాల్సి వచ్చింది.

ఇంతలో డాక్టరమ్మ బయటికి వచ్చింది. వయసు నలభై దాటి ఉండదు. చేతిలో సిరంజి ఉంది. అందులో పాప రక్తం. అది ఎర్రగా లేదు. ముదురు బెల్లంపాకం రంగులో ఉంది.

"పాపతో వచ్చినోళ్ళు ఎవరు? జాగ్రత్తగా విని చెప్పండి" అంది. "ఈ పాప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా అయిపోయింది. దీనికి కారణం గుండె కాదు. లోపలికి ఏదో పోయింది. ఏం మందిచ్చినారు?"

"ఏ మందూ ఇయ్యలేదు మేడమ్."

"బోరునీళ్ళు తాపినారా? పాలల్లో కలిపినారా?"

"లేదు. కాచిన నీళ్ళే."

"నాటుమందు? పసరు? ఎవరన్నా ఏమన్నా నాకించినారా?"

నేను లేదనే చెప్పాను. నాకు తెలిసినంతవరకు నిజమే అది. డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తిరిగి లోపలికి పోబోయింది.

అప్పుడు మా అత్త లేచింది. గోడ పట్టుకుని లేచింది.

"అమ్మా, నేను పూసినా" అంది. "మందంటే తాపేదే అనుకుంటి. ఇది పూసేది. చిగుర్లకు పూసినా." రొండిలోంచి ఆ ట్యూబు తీసి రెండు చేతులతో చాచింది. "బిడ్డ నొప్పికి ఓర్చుకోలేకుండా ఉంటే, నాకు తగ్గింది కదా, దానికీ తగ్గుతాదని పూసినా. రోజూ రోంత పూస్తాంటి. ఈ పొద్దు శానా ఏడ్సింది. ఎక్కువే పూసినా."

డాక్టరమ్మ ట్యూబు మీది అక్షరాలు చదివింది. "ఇదే" అంది. అంతే. కేకలు వేయలేదు. "అవ్వా, కూర్చో" అని చెప్పి లోపలికి దాదాపు పరుగెత్తింది.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. కాల్ కట్ చేయలేదని అప్పుడు తెలిసింది. బాషా అంతా విన్నాడు. "అమ్మకియ్యి" అన్నాడు. నేను ఇవ్వకూడదు అనుకునేలోపే మా అత్త అందుకుంది.

"నాయనా..."

"నా బిడ్డకు ఏమన్నా అయితే నువ్వు నా మొగం చూడొద్దు. నేనూ నీ మొగం చూడను." హాలంతా వినిపించేంత గట్టిగా అన్నాడు. ఆమె ఫోను నాకు తిరిగి ఇచ్చి, కుర్చీలో కాకుండా నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు. చూస్తే ఏమంటానో నాకే భయమేసింది.

ఈ జబ్బుకు విరుగుడు ఉందట. కానీ అది ఎప్పుడో ఒకసారి అవసరపడే మందు, అందరి దగ్గరా ఉండదు. డాక్టరమ్మ మా ముందే ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ప్రొద్దుటూరులో ఎక్కడా లేదు. చివరికి పులివెందులలో పెద్దాసుపత్రిలో పనిచేసే తన స్నేహితురాలు ఆ మందు తమ దగ్గరుందని చెప్పింది. మా పుట్టిల్లు పులివెందులే. మా తమ్ముడు రఫీకి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం. వాడికి ఫోను చేస్తే షట్టరు కూడా దించకుండా బయల్దేరాడు.

ఇక ఎదురుచూడడమే. పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు ఎంత దూరమో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పండుగకు పుట్టింటికి పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని పోయిన దారే. ఆ సాయంత్రం అది ఎన్నడూ ముగియని దారి.

రఫీ దారిలో ఉండగానే లక్ష్మీదేవి దంపతులను లోపలికి పిలిచారు. ఆమె లేచి, పైట సర్దుకుని, నాతో "పిలుస్తాండారక్కా" అని చెప్పి మరీ వెళ్ళింది. మంచి మాట వినడానికి వెళ్తున్నట్టే వెళ్ళింది. తలుపు మూసుకుంది. తర్వాత వచ్చిన కేకను నేను ఇక్కడ రాయలేను. హాల్లో ఉన్న తల్లులందరూ ఒక్కసారిగా తమ పిల్లలను రొమ్ముకు అదుముకున్నారు. అదుముకోవడానికి నా చేతుల్లో పాప లేదు.

ఆ బాబును తెల్లటి తుండులో చుట్టి తండ్రి చేతిలో పెట్టారు. వెంట వచ్చిన ముసలామె, "పండ్లు బిడ్డను మింగేసినాయే" అని తల బాదుకుంటోంది. డాక్టరమ్మ ఆమె దగ్గర ఆగింది.

"పండ్లు కాదమ్మా. నేను నోరు చూసినా. ఒక్క పన్ను కూడా రావడం లేదు. ఒంట్లో నీళ్ళన్నీ పోయినాయి. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే..." అంది.

లక్ష్మీదేవి నా ముందు నుంచే నడిచి వెళ్ళింది. ఈసారి నా వైపు చూడలేదు.

పొద్దు గుంకింది. దగ్గర్లో మసీదు నుంచి అజా వినబడింది. ఆసుపత్రిలో ఊడ్చే ఆమె ఒకతె, ఎవరో సాయిబుల దగ్గర అడిగి తెచ్చిందో ఏమో, గ్లాసుతో నీళ్ళూ రెండు ఖర్జూరాలూ తెచ్చి మా అత్త ముందు వంగింది. "పెద్దమ్మా, ఒక్కపొద్దు ఇడువు. నువ్వు పడిపోతే ఈ పిల్ల ఎవుర్ని చూసుకోవాల?" అంది. మా అత్త ఖర్జూరం అరచేతిలో పెట్టుకుంది. నోట్లో పెట్టుకోలేదు. నీళ్ళు మాత్రం ఒక గుక్క తాగి, గ్లాసును నా వైపు జరిపింది. నాకూ దాహంగా ఉందని ఆమెకెలా తెలిసిందో. తాగాను. ముఖం మాత్రం తలుపు వైపే తిప్పుకున్నాను.

రఫీ లోపలికి దూసుకొచ్చాడు. చొక్కా జేబులో మందు సీసా, దాని మీద చెయ్యి. "రైలు గేటు పడిందక్కా. గేటు కాడ దిగి ఏడ్సినా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ మగవాడు.

నన్ను పాప పక్కన నిలబడనిచ్చారు. ఆ మందు సిరా కంటే నీలం. నీలంగా ఉన్న బిడ్డ ఒంట్లోకి ఆ నీలాన్ని ఎక్కిస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. "ఇదేనా మేడమ్? సరిగ్గా ఇదేనా?" అని రెండుసార్లు అడిగాను. డాక్టరమ్మ పాప ముఖాన్నే చూస్తోంది. మొదట ఏమీ కాలేదు. తర్వాత పాప చెవి తమ్మె మీద చిన్నగా గులాబీ రంగు కనబడింది. నా కళ్ళ భ్రమ అనుకున్నాను. పెదవుల అంచున అదే రంగు. తర్వాత బుగ్గలు. పాప మూతి వంకర పెట్టి, ముక్కు ఎగబీల్చి, ఆకలి ఏడుపు మొదలుపెట్టింది. అంతవరకు నేను ఏడవలేదు.

మార్చి చివర

నాలుగు రోజులు ఉంచుకుని పంపారు. రెండు రోజులపాటు పాప ఉచ్చ ఆకుపచ్చగా, నీలంగా పడింది. నర్సులు అది మందు రంగేనని నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చాక కూడా పాప పెదవులను పదే పదే కిటికీ వెలుగులో పెట్టి చూసేదాన్ని. పండుగ వచ్చింది. సేమియా వండలేదు. రమణమ్మ తమ ఇంట్లో చేసి తెచ్చి పెట్టింది.

పులివెందుల నుంచి మా అమ్మ వచ్చి వారం ఉంది. వంటింట్లో గొంతు తగ్గించకుండానే, "ఇంగ ఆమె కాడ బిడ్డను ఇడిసిపెట్టి పోవద్దు నువ్వు" అంది. పక్క గదిలో మా అత్త వింటోందని మా ఇద్దరికీ తెలుసు. నేను అమ్మను వారించలేదు. బడికి రాజీనామా ఇచ్చాను, మళ్ళీ చేరింది ఈ ఏడే.

ఏప్రిల్, మే

నేను వారించి ఉన్నా తేడా ఉండేది కాదేమో. మా అత్త తనంతట తానే పాపను ముట్టుకోవడం మానేసింది. వంట చేసేది, బట్టలు ఉతికేది, పాప గౌన్లు ఆరేసి మడతపెట్టి నా మంచం మీద ఉంచేది. పాప దోగాడుతూ తన దగ్గరికి వస్తే చీర కుచ్చెళ్ళు లాక్కుని లేచి, "షాహీనా, పిల్ల ఈడికొచ్చింది చూడు" అని కేకేసేది. పాపకు అర్థమయ్యేది కాదు. వాకిట్లో తనను మోసిన ఆ చంక కోసం చేతులు చాచి ఏడ్చేది. ఆమె వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది.

కట్టుడు పండ్లు తీసేసి ఎక్కడో పెట్టేసింది. సంగటి మెత్తగా పిసికి మింగేది. బాషా రోజూ ఫోను చేసేవాడు, తల్లి గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు. ఆమె కూడా ఫోను మోగితే బయటికి వెళ్ళిపోయేది. ఒకే ఇంట్లో ముగ్గురం, ఫోనులో ఒకరు, ఇంత మాటలేని ఎండాకాలం నేను ఎన్నడూ చూడలేదు.

నా కోపం ఎప్పుడు చల్లారిందో చెప్పలేను. ఒక రోజు ఆమె మీద, ఒక రోజు బాషా మీద, ఒక రోజు వీధిలో పండ్లు పండ్లు అన్న ప్రతి ఒక్కరి మీద. లక్ష్మీదేవి గుర్తొస్తే ఆ కోపం సిగ్గుగా మారేది. నా బిడ్డ నా పక్కన బోర్లా పడుకుని ఊపిరి తీస్తుంటే నేను ఎవరి మీద కోపగించుకుంటున్నాను? వాళ్ళ ఊరికి పోయే బస్సు మా బస్టాండులోనే ఆగుతుంది. ఎక్కాలని రెండుసార్లు వెళ్ళాను. ఎక్కలేదు. బతికిన బిడ్డను చంకనేసుకుని ఆమె గడప ఎలా తొక్కాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

మేలో ఒక పొద్దున పాపకు స్టీలు గ్లాసుతో నీళ్ళు తాపుతుంటే టక్‌మని చప్పుడైంది. వేలు పెట్టి చూశాను. కింద రెండు, బియ్యపు గింజల్లాగా. ఇంతకోసమా అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

జూన్

చూపించుకోవడానికి పాపను ప్రొద్దుటూరు తీసుకుపోయాను. డాక్టరమ్మ పాపను ఆడించి, తూకం చూసి, అంతా బాగుందంది. గేటు దగ్గర ఆ తల్లికి చెప్పాల్సినవన్నీ ఆ రోజు ఈమె నాకు చెప్పినవే. పండ్లు వచ్చే బిడ్డకు చల్లటి తడిబట్ట, శుభ్రమైన వేలు చాలు. మొద్దుబరిచే మందు ఏదీ చిగుళ్ళకు పూయకూడదు. బాగా జ్వరం వచ్చినా, భేదులు పట్టుకున్నా, బిడ్డ డీలా పడినా అది పండ్ల వల్ల అని ఊరుకోకూడదు. భేదులప్పుడు నీళ్ళు ఆపకూడదు, ఇంకా తాపాలి. వెంటనే చూపించాలి.

లేవబోతుంటే, "అవ్వ రాలేదా?" అని అడిగింది.

"రాలేదు మేడమ్. పాపను ముట్టుకోవడమే మానేసింది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ రోజు నేను లోపలికి తిరిగి పోతాంటి. ఆమె లేవకపోయింటే పాపను ఇంకా పెద్ద ఊరికి పంపిద్దామని రాస్తాంటి. దారిలో ఏమయ్యేదో నీకు చెప్పాల్సిన పని ల్యా. శానామంది దాస్తారు. తిడతారని భయపడి దాస్తారు. అందరి ముందర, కొడుకు వింటాండంగ లేసి చెప్పింది ఆమె. అది ఎవరన్నా ఆమెకు చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు.

బస్సులో ఇంటికి వస్తూనే బాషాకు ఫోను చేశాను. డాక్టరమ్మ అన్నది అన్నట్టే చెప్పాను. బస్సు చప్పుడులో ఆయన విన్నాడో లేదో అనుకున్నాను. విన్నాడు. "ఇంటికి పోయినాక చెయ్యి. అమ్మకియ్యి" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మా అత్త వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఫోను కలిపి ఆమె ముందు పెట్టాను. తెర మీద కొడుకు ముఖం కనబడగానే లేవబోయింది. భుజం మీద చెయ్యి వేసి ఆపాను.

"అమ్మా" అన్నాడు బాషా. ఆమె పైటతో నోరు మూసుకుంది. ఏదో ఒకటి అనాలి కదా అన్నట్టు, "పిల్లకు రెండు పండ్లొచ్చినాయంట నాయనా" అంది. "నేను చూడలేదు. షాహీనా అంటాంటే విన్యా."

ఒకే ఇంట్లో ఉండి కూడా. ఆ పండ్లు వచ్చి నెల దాటింది.

నేను చేట పక్కకు జరిపి, పాపను తీసుకుపోయి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టాను. ఆమె రెండు చేతులూ నేల మీదే ఆనించి ఉంచుకుంది, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు. పాప ఆమె రవిక పట్టుకుని లేచి నిలబడబోయి తూలింది. ఫోనులోంచి బాషా "అమ్మా, పడతాది, పట్టుకో!" అని అరిచాడు.

పట్టుకుంది.